విదేశాలలో కంప్యూటరు విద్య

(మా కేంద్రం నుండి ప్రసారమైన ప్రసంగ పాఠం)

కడియం స్టేషనులో దిగి కడియపులంక వైపు పోయేవారికి దారికి రెండు ప్రక్కలా మొక్కలే కనిపిస్తాయి. మామిడి అంటు మొదలు మందారం దాకా, గులాబి మొదలు కొబ్బరి దాకా, కుండీలలోనూ నల్లని సంచులలోనూ ప్రయాణానికి సిద్ధంగా నిలిచి ఉంటాయి. ఇక్కడి నర్సరీల నుండి లారీలు దేశం నాలుగు చెరగులకూ పోతాయి. పుట్టిన నేలను విడిచి పరాయి నేలలో బ్రతకవలసిన మొక్కను ఎట్లా సిద్ధం చేయాలో ఈ ప్రాంతంవారికి తరతరాలుగా తెలుసు.

తోటల పెంపకం విషయమై రైతుల మాటలను రికార్డు చేసుకొనే పనిమీద ఇటీవల అక్కడికి వెళ్ళాను. పని ముగిసిన తరువాత ఒక నర్సరీ యజమాని కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చి, కొంత సంకోచిస్తూనే ఇట్లా అడిగారు:

“అయ్యా, తమరు చదువుకున్నవారు. మా అమ్మాయి కాకినాడలో ఇంజనీరింగు పూర్తి చేసిందండి. అమెరికాలో కంప్యూటరు ఎమ్మెస్‌కి సీటొచ్చిందండి. ఎకరన్నర భూమి బ్యాంకులో పెడితేగాని అవ్వదండి. ఉన్నదల్లా అదేనండి. పెట్టమంటారా, వద్దంటారా?”

అమ్మాయి ప్రక్కనే నిలబడి అంటు కట్టే కత్తిని గుడ్డతో తుడుస్తున్నది. తలయెత్తలేదు, కాని నా సమాధానం కోసం తండ్రికంటె తానే ఎక్కువ ఎదురుచూస్తున్నట్టు నాకు తోచింది.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అందుకు కారణం ఉన్నది. కొన్నేండ్ల క్రితం మా అక్కయ్య ఇదే ప్రశ్న నన్ను అడిగింది. “వెళ్ళనీయవే, మంచి అవకాశం” అని ఒక్క మాటతో తేల్చివేశాను. మేనల్లుడు ఏ విశ్వవిద్యాలయానికి వెళుతున్నాడు, అక్కడ పాఠం చెప్పేవారెవరు, సొమ్ము ఎక్కడిది అని నేను అడగలేదు. ఆ వివరాలన్నీ ఒక ఏజెంటు చూసుకున్నాడు. తీరా వెళ్ళిన తరువాత అక్కడ తరగతులు నామమాత్రమే. రెండవ సంవత్సరంలో కుర్రవాడు పట్టా లేకుండానే తిరిగి వచ్చాడు. అప్పు తీరడానికి నాలుగేండ్లు పట్టింది. అప్పు తీరింది గాని, ఆనాటి నుండి మా అక్కయ్య ఏ విషయంలోనూ నన్ను సలహా అడగలేదు.

కనుక ఈ ప్రశ్నను ఈసారి సావకాశంగా ఆలోచించవలసి వచ్చింది. ఆ ఆలోచననే ఈనాడు శ్రోతల ముందుంచుతున్నాను. ఇట్టి ప్రశ్న ఈనాడు గోదావరి మండలంలో ఏ గ్రామంలోనైనా వినిపిస్తున్నది గదా!

మొదట ఈ చదువు చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. కంప్యూటరు శాస్త్రం అనేది ప్రత్యేకమైన విద్యగా ఏర్పడి ఎంతో కాలం కాలేదు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం 1962లో దీనికి ప్రత్యేక శాఖను నెలకొల్పింది. స్టాన్‌ఫర్డులో ఆ శాఖ 1965లో ఏర్పడింది. మన దేశానికి మొదటి కంప్యూటరు 1955లో కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు వచ్చింది. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.లో ఐ.బి.ఎం. 1620 యంత్రాన్ని స్థాపించిన తరువాత గాని విద్యార్థులకు ఈ విద్య నేర్పడం మన దేశంలో చెప్పుకోదగినట్టుగా ఆరంభం కాలేదు. ఆ కాలంలో ఈ శాస్త్రాన్ని లోతుగా చదవదలచినవారికి సముద్రం దాటడం తప్ప మార్గాంతరం దాదాపు లేదు.

అట్లా దాటినవారిలో మొదట చెప్పుకోవలసినవారు దబ్బల రాజగోపాలరెడ్డి. లోకం ఆయనను రాజ్ రెడ్డిగా ఎరుగును. ఆయన 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో జన్మించారు. 1958లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టా పొందారు. వంతెనలూ కట్టడాలూ చదివిన ఆ యువకుడు ఆస్ట్రేలియా వెళ్ళి, 1960లో న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర పట్టం పుచ్చుకున్నారు. కొంతకాలం అక్కడే ఐ.బి.ఎం.లో పనిచేసి, తరువాత స్టాన్‌ఫర్డు చేరి, జాన్ మెకార్తీ శిష్యుడై, 1966లో డాక్టరేటు సాధించారు. ‘కృత్రిమ మేధ’ అని మనం నేడు పిలుస్తున్న శాస్త్రానికి ఆంగ్లంలో ఆ నామకరణం చేసినవారు ఈ మెకార్తీయే.

రాజ్ రెడ్డి ఎన్నుకొన్న పరిశోధన రేడియోవారికి మరింత ఆసక్తి కలిగించేది. మానవుడు మాట్లాడే మాటను యంత్రం విని గ్రహించగలదా అన్నది ఆయన ప్రశ్న. మేము మైకు ముందు మాట్లాడినప్పుడు ఆ ధ్వని ఒక ఎడతెగని తరంగంగా పోతుంది. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది గాని నోటి మాటలో అది ఉండదు. ఎక్కడ ఒక పదం ముగిసిందో, ఎక్కడ మరొకటి ఆరంభమైందో చెవి పోల్చుకుంటుంది. యంత్రానికి ఆ నేర్పు లేదు. ఆ నేర్పును యంత్రానికి అలవరచే పనిలో ఆయన దశాబ్దాలు గడిపారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1979లో అక్కడ రోబో శాస్త్ర సంస్థకు తొలి అధ్యక్షులైనారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమానం అందుకొన్నారు. కంప్యూటరు శాస్త్రంలో దానిని మించిన బహుమానం లేదు. నేడు మన చేతిలోని ఫోను మన మాట విని అక్షరాలుగా వ్రాస్తున్నదంటే, దాని వెనుక ఉన్న తొలి కృషిలో ఒక తెలుగు పల్లెటూరి బిడ్డ పాలు ఉన్నది. 2008లో మన రాష్ట్రంలో గ్రామీణ విద్యార్థుల నిమిత్తం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం వెలసినప్పుడు దానికి తొలి ఛాన్సలరుగా ఉన్నది కూడా ఆయనే.

మరొక ఉదాహరణ సత్య నాదెళ్ళ. హైదరాబాదులో 1967లో పుట్టి, మణిపాల్‌లో ఎలెక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మిల్వాకీ శాఖలో కంప్యూటరు శాస్త్రంలో 1990లో ఎం.ఎస్. పూర్తి చేశారు. 1992లో మైక్రోసాఫ్టు సంస్థలో చేరి, 2014లో దానికి అధిపతి అయినారు. మన ఊళ్ళలో “పేరున్న యూనివర్సిటీయేనా?” అని అడిగేవారు ఈ ఉదాహరణను జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది. మిల్వాకీ పేరు మన ఇళ్ళలో హార్వర్డు, స్టాన్‌ఫర్డు పేర్లవలె మోగే పేరు కాదు. కాని అది నిజమైన విశ్వవిద్యాలయం. నిజమైన తరగతులు, నిజమైన గురువులు ఉన్నచోట పేరు కొంచెం చిన్నదైనా విద్యార్థి పెద్దవాడు కాగలడు.

అయితే ఈ ప్రయాణాలకు రెండవ ప్రక్క కూడా ఉన్నది. దాని కోసం కంప్యూటరు పుట్టకముందు కాలానికి, మన డెల్టాకే వెళ్ళాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో కొంత చదువు చదివారు. 1922లో వైద్యశాస్త్రంలో పై చదువుకై అమెరికాలోని బోస్టను చేరారు. ఆ ప్రయాణానికి మామగారి సహాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం తోడ్పడ్డాయి. ఆయన కృషి వల్ల లోకానికి ఎన్ని మందులు లభించాయో మనకు తెలిసినదే. కాని 1948లో న్యూయార్కులో కన్నుమూసేవరకు ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. లోకానికి కలిగిన లాభాన్ని తక్కువ చేయనవసరం లేదు. అట్లాగే ఇరవై ఆరు సంవత్సరాలు ఇక్కడ ఎదురుచూసిన ఆ ఇల్లాలిని మరచిపోనవసరమూ లేదు. దూరదేశపు చదువుకు అయ్యే ఖర్చులో బ్యాంకు కాగితాల మీద కనిపించని పద్దు ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇక నేటి సంగతి. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. విదేశీ విద్యార్థులలో ఆ యేడు మనవారే ప్రథమ స్థానం ఆక్రమించారు. వీరిలో స్నాతకోత్తర విద్యార్థులే అధికం. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లోనే వెలసింది. ఇంతమంది వెళ్ళిన దారి కనుక అది సుగమమైనదే అనుకోవడం సహజం. కాని జనం ఎక్కువైన దారిలో జేబుదొంగలు కూడా ఎక్కువే.

2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం అనే సంస్థ బండారం బయటపడింది. చదువు చెప్పకుండానే వీసా కాగితాలు అమ్ముకొన్న సంస్థ అది. అందులో చేరినవారిలో పెక్కుమంది తెలుగు విద్యార్థులు. కొందరి కాళ్ళకు అధికారులు రేడియో పట్టీలు తగిలించారు. రేడియో అనే మాటను ఆ విధంగా వినవలసి వచ్చినందుకు ఆనాడు మేమంతా బాధపడ్డాము. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఉదంతం మరింత విచిత్రమైనది. ఆ విశ్వవిద్యాలయాన్ని అక్కడి ప్రభుత్వాధికారులే మోసాన్ని పట్టుకొనేందుకు పెట్టారు. దానిలో అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. నూరుమందికి పైగా మన విద్యార్థులు నిర్బంధానికి గురి అయినారు. వారిలో తెలిసి చేరినవారూ ఉండవచ్చు, తెలియక చేరినవారూ ఉండవచ్చు. రెండు తెగలవారి ఇళ్ళలోనూ తల్లులు ఏడ్చారు.

ఈ మోసాలకు మందు ఒక్కటే. తరగతికి వెళ్ళకుండానే పట్టా ఇస్తామన్నా, చేరిన మొదటినాడే పూర్తికాలపు ఉద్యోగం చేసుకోవచ్చునన్నా, అటువైపు చూడరాదు. ఏజెంటు మాట కాక, విశ్వవిద్యాలయం తానే ప్రకటించిన పాఠ్యప్రణాళికను విద్యార్థి స్వయంగా చదవాలి. అధ్యాపకుల పేర్లు, వారు చేస్తున్న పరిశోధన తెలుసుకోవాలి. అక్కడ ప్రస్తుతం చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. ‘నేను ఈ చదువు ఎందుకు కోరుతున్నాను’ అని వ్రాసే ఉద్దేశపత్రాన్ని ఒకరిచేత వ్రాయించుకోరాదు. ఎందుకు వెళుతున్నదీ తన మాటలలో ఒక పుట వ్రాయలేనివారు ఇంకా ప్రయాణానికి సిద్ధపడలేదని అర్థం.

ఇక సొమ్ము లెక్క. అమెరికాలో ఎం.ఎస్. సాధారణంగా రెండు సంవత్సరాల చదువు. విశ్వవిద్యాలయం పంపే ఐ–20 అనే పత్రంలో ఫీజూ భోజన వసతుల ఖర్చూ ఒక యేటికి ఎంతో వ్రాసి ఉంటుంది. చాలామంది ఆ ఒక్క అంకెనే చూసి నిశ్చింతపడతారు. రెండవ సంవత్సరం ఉన్నది గదా! మాటవరసకు నలభై లక్షల రూపాయలు నూటికి పదకొండు చొప్పున వడ్డీకి తెచ్చామనుకుందాము. మొత్తం సొమ్ము ఒక్కసారే తీసుకుంటే ఏడాదికి నాలుగు లక్షల నలభై వేలు వడ్డీ. చదువు ముగిసే రెండేండ్లలో బారువడ్డీ ప్రకారమే ఎనిమిది లక్షల ఎనభై వేలు. పట్టా చేతికి వచ్చేనాటికి అప్పు నలభై కాదు, నలభై తొమ్మిదికి దగ్గర. దీనికి తోడు మనం అప్పు తెచ్చేది రూపాయలలో, కట్టేది డాలర్లలో. డాలరు విలువ 2014లో సుమారు అరవై రూపాయలు. 2024 చివరకు ఎనభై అయిదుకు చేరింది. నడుమ పెరిగే ఆ భారం కూడా మనదే.

“అక్కడ ఏదో ఒక పని చేసుకుంటారు లెండి” అనే ధైర్యం మన పల్లెలలో తరచు వినిపిస్తుంది. చట్టం ప్రకారం తరగతులు నడిచే రోజులలో విద్యార్థి విశ్వవిద్యాలయ ఆవరణలో వారానికి ఇరవై గంటలు మాత్రమే పని చేయవచ్చు. బయట దుకాణంలో రహస్యంగా చేసిన పని పట్టుబడితే చదువు మొత్తం పోతుంది. ఆచార్యులకు బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా కుదిరినవారికి ఫీజు తగ్గింపు లభించవచ్చు. అది అందరికీ దొరకదు. దొరుకుతుందన్న నమ్మకంతో భూమి తాకట్టు పెట్టరాదు.

చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరం, కంప్యూటరు శాస్త్రంవంటి చదువులవారికి మరి రెండు సంవత్సరాలు, అనుభవం నిమిత్తం ఉద్యోగం చేసేందుకు అవకాశం ఉన్నది. ఆ పైన నిలవాలంటే హెచ్–1బి వీసా కావాలి. ఏడాదికి అట్టివి 65,000. అమెరికాలో పై పట్టా పొందినవారికి మరి 20,000. అర్హులు ఎందరున్నా, ఎంపికలో పేరు వచ్చినవారికే ఆ భాగ్యం. 2025 సెప్టెంబరులో కొత్త అర్జీలకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అక్కడి అధ్యక్షుడు ఉత్తర్వు చేయడంతో ఎన్నో ఇళ్ళలో నిద్రలు కరవైనాయి. పరాయి దేశం తన నిబంధనలను తన అవసరం కొద్దీ మార్చుకుంటుంది. మనలను అడిగి మార్చదు. కనుక పట్టాతో ఇంటికి తిరిగివచ్చి, ఇక్కడి జీతంతోనే అప్పు తీర్చవలసివస్తే తీర్చగలమా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క సరిపోతే మిగిలినదంతా లాభమే. సరిపోకపోతే మనం విద్యమీద కాదు, అదృష్టంమీద పెట్టుబడి పెడుతున్నామన్నమాట.

రాజ్ రెడ్డి కాలంలో మార్గాంతరం లేదని చెప్పాను. నేడు ఉన్నది. గేట్ పరీక్షలో యోగ్యత సాధించి ఐ.ఐ.టి.వంటి సంస్థలలో ఎం.టెక్. చేరినవారికి నెలకు 12,400 రూపాయల భృతి లభిస్తున్నది. హైదరాబాదులో 1998లో ట్రిపుల్ ఐటి, 2008లో ఐ.ఐ.టి. వెలిశాయి. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు పెక్కింటిలో బోధనా రుసుము లేదు. అయితే ఒక యేటి జీవనానికి సరిపడే పైకాన్ని ముందుగా అక్కడి ఖాతాలో ఉంచాలి, కొన్ని చోట్ల విదేశీయులకు రుసుము విధిస్తున్నారు కూడా. అమెరికాలోనే జార్జియా టెక్ విశ్వవిద్యాలయం 2014లో ఇంటర్నెట్టు ద్వారా కంప్యూటరు శాస్త్రంలో స్నాతకోత్తర విద్య ఆరంభించినప్పుడు మొత్తం ఫీజు ఏడువేల డాలర్లకు లోపే. కడియం కాలువగట్టున కూర్చుండి ఆ చదువు చదవవచ్చు. ప్రయోగశాలలో గురువు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనే విద్యకు ఇది పూర్తిగా సాటి కాదన్నది నిజమే; కాని ఎకరన్నర భూమి మన పేరనే ఉంటుంది.

ఇక కడియం నర్సరీలో జరిగిన సంభాషణకు వస్తాను. నేను ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అమ్మాయిని నాలుగు ప్రశ్నలు మాత్రం అడిగాను. అక్కడ ఏమి చదవదలచావు? ఎవరి దగ్గర? మొత్తం రెండేండ్లకు ఎంత? పట్టాతో ఇంటికి రావలసివస్తే ఆ అప్పు ఎట్లా తీరుతుంది?

మొదటి మూడింటికీ ఆమె తడుముకోకుండా సమాధానం చెప్పింది. ఆకు మీది తెగులును ఫోటో చూసి గుర్తుపట్టే విధానం తనకు ఇష్టమన్నది. ఆ పని చేస్తున్న ఆచార్యుని వ్యాసాలు చదివి, ఆయనకు ఉత్తరం వ్రాసి, జవాబు కూడా తెప్పించుకున్నది. ఖర్చు కాగితం మీద వ్రాసి పెట్టుకున్నది. నాలుగవ ప్రశ్న దగ్గర మాత్రం కొంతసేపు మాట్లాడలేదు.

“అది నేను వేసుకోలేదు సార్. వేసుకోవాలంటే భయమేసింది” అన్నది చివరకు.

తండ్రి తలవంచుకొని విన్నారు. కొంతసేపటికి ఆయనే అన్నారు: “కుండీలోంచి తీసిన మొక్కని ఆ రోజే ఎండలో పెట్టమండి. వారం పది రోజులు నీడలో ఉంచి అప్పుడు పెడతామండి. ఆయ్, ఏడాది ఆగితే ఆ సీటు ఉంటదాండీ?”

ఉండవచ్చుననీ, ప్రవేశాన్ని ఒక సంవత్సరం వాయిదా వేయుమని కోరితే అనేక విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయనీ చెప్పాను. ఆ ఏడాది ఉద్యోగం చేసి కొంత కూడబెడతానని, అర ఎకరానికి మించి తాకట్టు పెట్టనివ్వనని అమ్మాయి అన్నది. “అది నువ్వు చెప్పేదేంటమ్మా, నేను చూసుకుంటాగా” అని తండ్రి అన్నారు. ఆ వాదం ఇంకా సాగుతుండగానే నా బండికి వేళయింది.

వాయిదాకు ఆ విశ్వవిద్యాలయం అంగీకరించినట్టు మొన్ననే కబురు అందింది. ఆమె ఎప్పుడు వెళ్ళినా మన ఊళ్ళో ఉదయం ఆరు గంటలు కొట్టేసరికి షికాగో ప్రాంతంలో వేసవివేళ ముందురోజు రాత్రి ఏడున్నర అవుతుంది. ఆ తల్లి ఇక మీదట ఆ రెండు గడియారాల మధ్య జీవించవలసి ఉంటుంది. అందుకు ఆమెను సిద్ధం చేసే పుస్తకం ఏదీ లేదు.

పిల్లలను పంపవద్దని నేను చెప్పడం లేదు. ఆ నాలుగు ప్రశ్నలనూ బ్యాంకు గుమస్తా అడిగేలోగా, వీసా అధికారి అడిగేలోగా, ఇంట్లోనే, భోజనాల దగ్గర, ఒకరినొకరు అడుగుకొమ్మని మాత్రమే మనవి చేస్తున్నాను. నాలుగవ దానికి సమాధానం దొరికిననాడు నిర్భయంగా పంపండి.

మా అక్కయ్య ఇంట్లో ఇప్పటికీ రేడియో ఉన్నది. ఈ ప్రసంగం వింటే, ఆనాడు నేను అడగవలసి ఉండీ అడగని ప్రశ్నలు ఇవేనని ఆమెకు తెలుస్తుంది.